ఏడో తరగతిలోనే గణితం దాటిపోతున్న పిల్లకు ట్యాబు ఎంతవరకు పనికొస్తుంది?

మాస్టారికి నమస్కారం.

ఇదే చిక్కులో ఉన్న మిగిలిన ఉపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ అర్థం కావడానికి మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు సోంపేట వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్నారు. మీ ఏడో తరగతిలో ఒక అమ్మాయి తొమ్మిదో తరగతి పుస్తకంలోని లెక్కలను తనంతట తానే చేసుకుంటూ పోతోంది. తండ్రి ఆటో నడుపుతారు, తల్లి జీడిపిక్కల పనికి వెళ్తారు. ఇంట్లో ఒక స్మార్ట్‌ఫోను ఉంది, బడిలో ఒక పాత ట్యాబు, గోడకు వేలితో తాకితే పనిచేసే పెద్ద ఐ.ఎఫ్.పి. తెర ఉన్నాయి, నెట్ ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు లేదు. ఏ యాప్ పెట్టాలి, డబ్బు కట్టి ఏదైనా ఆన్‌లైన్ కోర్సు కొనిపించాలా, లేక విశాఖపట్నంలో ఐ.ఐ.టి. ఫౌండేషన్ హాస్టల్‌కు పంపమని తల్లిదండ్రులకు చెప్పాలా అని మీరు అడిగారు. విజయనగరంలో గణితం బోధిస్తూ, సెలవు రోజుల్లో ఇలాంటి పిల్లలతో చాలా ఏళ్లుగా కూర్చుంటున్నవాడిని కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ అమ్మాయికి పాఠాలకు కొదవ లేదు, ఫోను తెరిస్తే కావలసినన్ని దొరుకుతాయి. తాను రాసిన తర్కాన్ని వరుస వరుసగా చదివి, "ఈ మాట ఎలా వచ్చింది?" అని అడిగే పెద్దవాళ్లు లేకపోవడమే ఆమెకున్న అసలు లోటు. సాంకేతిక సాధనాలను ఆమె చేత ప్రయోగాలు చేయించడానికీ, అలా చదివే మనిషిని దూరం నుంచైనా ఆమెకు దగ్గర చేయడానికీ వాడుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. మిగిలిన ఉపయోగాలన్నీ వీటి తర్వాతే.

యాప్‌ల సంగతికి వెళ్లేముందు ఒక విషయం తేల్చుకోవాలి. పై తరగతి లెక్కలు చేయగలగడం ప్రతిభకు ఒక గుర్తే కానీ, అది ఒక్కటే చాలదు. అబాకస్ నేర్చుకున్న పిల్లలు కూడా వేగంగా గుణిస్తారు, చూసి నేర్చుకున్న పద్ధతిలో వర్గసమీకరణాలు సాధించే పిల్లలూ ఉంటారు. మీ అమ్మాయిని ఈ ప్రశ్న అడిగి చూడండి: ఏ మూడు వరుస సంఖ్యలను గుణించినా వచ్చే లబ్ధాన్ని 6 ఎప్పుడూ నిశ్శేషంగా భాగిస్తుందా, భాగిస్తే ఎందుకు? చాలామంది చురుకైన పిల్లలు పది ఉదాహరణలు వేసి అవునంటారు. గణితం వైపు మనసు తిరిగిన పిల్ల కొంతసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి, మూడు వరుస సంఖ్యల్లో ఒకటి తప్పకుండా 3 గుణిజమనీ, కనీసం ఒకటి సరిసంఖ్య అనీ తన మాటల్లో చెబుతుంది. ఆ మాటలు అతుకులుగా ఉన్నా ఫరవాలేదు. ఆ తర్వాత, ఎవరూ అడగకుండానే, "నాలుగు వరుస సంఖ్యలైతే 24 భాగిస్తుందా సార్?" అని అడిగిందంటే ఇక మీకు సందేహం అక్కరలేదు.

ఇలాంటి పిల్లలను వయసుకు కట్టేసి ఉంచకూడదన్నది కొత్త మాట కాదు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ 1971లో గణితంలో ముందున్న పిల్లల మీద ఒక దీర్ఘకాల అధ్యయనం ఆరంభించారు. పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు, కళాశాల ప్రవేశం కోసం పెద్ద పిల్లలు రాసే పరీక్షనే ఇచ్చి, ఎవరు ఎక్కడున్నారో చూసి, అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టడం ఆయన పద్ధతి. కంప్యూటర్ల కథ ఇంకా పాతది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో తత్వవేత్త పాట్రిక్ సపీస్ 1960ల్లోనే బడిపిల్లలకు గణితాన్నీ తర్కాన్నీ కంప్యూటర్ ద్వారా నేర్పే ప్రయత్నాలు చేశారు. ఆ దారిలోనే 1990ల నాటికి, ఇంకా హైస్కూలు పూర్తిచేయని పిల్లలు ఇంట్లో కూర్చుని కలనగణితం (కాల్క్యులస్) నేర్చుకునే ఏర్పాటు అక్కడ తయారైంది. అందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటుంది: పాఠమంతా కంప్యూటరే చెబుతున్నా, పిల్లల సందేహాలకు ఫోను ద్వారా, ఈ-మెయిలు ద్వారా బదులిచ్చే బోధకులను వారు విడిచిపెట్టలేదు. అంత సరంజామా ఉన్నచోటే మనిషి అవసరం తీరనప్పుడు, సోంపేటలో ఒక్క ట్యాబు చేతికిచ్చి పిల్లను వదిలేస్తే చాలదు.

ఇక సాధనాల్లో నేను మొదట చెప్పేది జియోజీబ్రా, తెర మీద జ్యామితి బొమ్మలు గీసి వాటిని లాగి కదిలించి చూసే సాధనం. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌ను బడులు ఉచితంగా వాడుకోవచ్చు, ఒకసారి ట్యాబులో వేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. దీన్ని ఎలా వాడాలో ఒక ఉదాహరణతో చూపిస్తాను, ఎందుకంటే చాలా బడుల్లో దీన్ని ఉపాధ్యాయుడు తెర మీద బొమ్మ గీసి చూపించడానికి మాత్రమే వాడుతున్నారు, అందులో దీని బలం పదోవంతు కూడా బయటపడదు.

అమ్మాయిని ఏదో ఒక చతుర్భుజం గీయమనండి. నాలుగు భుజాలకూ మధ్యబిందువులు పెట్టించి, వాటిని వరుసగా కలపమనండి. లోపల ఒక సమాంతర చతుర్భుజం కనిపిస్తుంది. ఆ మాట మీరు చెప్పవద్దు, ఆమెనే గమనించనివ్వండి. ఇప్పుడు ఒక శీర్షాన్ని వేలితో పట్టుకుని లాగమనండి. బయటి బొమ్మ ఎంత వంకరపోయినా లోపలిది సమాంతర చతుర్భుజంగానే నిలుస్తుంది. శీర్షాన్ని లోపలికి నొక్కి బొమ్మను గుంట పడేలా చేసినా నిలుస్తుంది, రెండు భుజాలు ఒకదాన్నొకటి ఖండించేలా మెలిపెట్టినా నిలుస్తుంది. ఈ దశలో పిల్ల ముఖం చూడాలి మాస్టారూ, అక్కడ కలిగే ఆశ్చర్యం వంద వీడియోలు చూపించినా రాదు. కానీ ఇక్కడే ట్యాబును పక్కన పెట్టించి, తెల్లకాగితం ఇచ్చి, "ఎందుకు?" అని అడగాలి. ఒక కర్ణం గీస్తే రెండు త్రిభుజాలు వస్తాయి. తొమ్మిదో తరగతి పుస్తకంలోని మధ్యబిందు సిద్ధాంతం ప్రకారం లోపలి ఎదురెదురు భుజాలు రెండూ ఆ కర్ణానికి సమాంతరంగా, దానిలో సగం పొడవుతో ఉంటాయి, కాబట్టి అవి ఒకదానికొకటి సమాంతరమూ సమానమూ అవుతాయి. కర్ణం గీయమని మీరు చెప్పకండి. ఒక రోజు పట్టినా, వారం పట్టినా ఆమెనే వెతకనివ్వండి. ఇది ఫ్రాన్సు గణితవేత్త వారిన్యోన్ పేరు మీద ఉన్న సిద్ధాంతం, 1731లో అచ్చయింది. ఆ సంగతి ఆమె రుజువు చేశాక చెప్పండి, దానిలో ఒక గౌరవం ఉంటుంది.

అక్కడితో ఆగనక్కరలేదు. లోపలి బొమ్మ దీర్ఘచతురస్రం కావాలంటే బయటి చతుర్భుజం ఎలా ఉండాలి? రాంబస్ కావాలంటే? పిల్లలు మొదట బయటి భుజాల వైపు చూస్తారు, చాలాసేపు లాగి చూశాక కర్ణాల వైపు దృష్టి మళ్లుతుంది: కర్ణాలు లంబంగా ఉంటే దీర్ఘచతురస్రం, సమానంగా ఉంటే రాంబస్, రెండూ అయితే చతురస్రం. తర్వాత వైశాల్యాలు కొలిపించండి, లోపలిది బయటిదానిలో సగం వస్తుంది. అయితే సాఫ్ట్‌వేర్ సంఖ్యలను కొన్ని దశాంశ స్థానాలకు సవరించి చూపుతుంది కాబట్టి, ఒక్కోసారి సగానికి చివరి స్థానంలో కాస్త తేడా కనిపిస్తుంది. అది కొలతలోని తేడానా, నిజంగానే సగం కాదా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఉపపత్తి, అంటే రుజువు, ఎందుకు కావాలో పిల్లకు వేరే చెప్పనక్కరలేదు. ఆ పైన, నాలుగు బిందువులూ ఒకే తలంలో లేకపోతే? కాగితం మీద ఒక చతుర్భుజం కత్తిరించి, కర్ణం వెంబడి మడిచి పైకి లేపి, మధ్యబిందువులను దారంతో కలిపి చూడమనండి. అక్కడ కూడా సమాంతర చతుర్భుజమే వస్తుంది, పైగా ఆమె ముందు రాసిన ఉపపత్తిలో ఒక్క అక్షరం మార్చనక్కరలేదు. ఒకే తర్కం రెండు లోకాల్లో పనిచేయడం చూసిన పిల్ల ఉన్నత గణితం గుమ్మంలోకి వచ్చినట్టే. ఇందులో పదో తరగతి దాటిన విషయం ఏదీ లేదు.

రెండో సాధనం ఎక్సెల్ వంటి స్ప్రెడ్‌షీట్. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పగలిగితే మరీ మంచిది, కానీ ఆ ట్యాబు మీద కీబోర్డు లేకుండా ప్రోగ్రాములు రాయించడం పిల్లకు విసుగు. స్ప్రెడ్‌షీట్‌తో సంఖ్యా సిద్ధాంతంలో చాలా దూరం పోవచ్చు. ఒక నిలువు వరుసలో 0 నుంచి సంఖ్యలు వేయించి, పక్క వరుసలో ఆ సంఖ్య వర్గానికి ఆ సంఖ్యనూ 41నూ కలిపించండి. 41, 43, 47, 53, 61 అని వస్తాయి, అన్నీ ప్రధాన సంఖ్యలే. ఆయిలర్ 1772లో పేర్కొన్న వరుస ఇది. పది చూస్తుంది, ఇరవై చూస్తుంది, ముప్పై చూస్తుంది, అన్నీ ప్రధాన సంఖ్యలే కావడంతో పిల్ల నమ్మకం పెరిగిపోతుంది. 39 వరకూ సూత్రం తప్పిపోదు. 40 దగ్గర 1681 వస్తుంది, అది 41 వర్గం. నలభై ఉదాహరణలు నిలబడినా సూత్రం తప్పని తేల్చడానికి ఒక్క ప్రత్యుదాహరణ చాలునన్నది ఉపదేశంగా చెబితే చెవికెక్కదు, తన చేత్తో చేసిన పట్టికలో ఎదురైతే జన్మలో మరిచిపోదు. 40 దగ్గర ఎందుకు విరగాలో కూడా ఆమెనే అడగండి: 40 వర్గానికి 40 కలిపితే 40 ఇంటూ 41, దానికి ఇంకో 41 కలిస్తే 41 ఇంటూ 41.

దీనికి జతగా మరొకటి ఇస్తాను, ఎందుకంటే రాతపని గురించి నేను చెప్పదలచినది దీనితోనే బాగా తెలుస్తుంది. ఏ ప్రధాన సంఖ్యలను రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు? 5 అంటే 1, 4 కలిపితే వస్తుంది, 13కు 4, 9; 17కు 1, 16; 29కి 4, 25. కానీ 3, 7, 11, 19 రావు. స్ప్రెడ్‌షీట్‌లో వర్గాలను అడ్డంగా, నిలువుగా వేసి కూడిక పట్టిక చేయిస్తే, వచ్చే బేసి ప్రధాన సంఖ్యలన్నీ 4తో భాగిస్తే 1 శేషం ఇచ్చేవే అన్న సంగతి ఆ ఈడు పిల్లలు చాలామంది పట్టుకోగలరు. ఇక రాయమన్నప్పుడు మొదటిసారి వచ్చే రాత సాధారణంగా ఇలా ఉంటుంది: "3, 7, 11, 19 చూశాను, ఏదీ రాలేదు, కాబట్టి 3 శేషం వచ్చేవి రావు." దీనిమీద ఎర్ర ఇంటూ పెట్టకండి. పక్కన మార్జిన్‌లో "1,00,003 చూశావా?" అని మాత్రం రాయండి. అదీ ప్రధాన సంఖ్యే, అదీ 3 శేషం ఇచ్చేదే, పట్టిక అంత దూరం పోదు. అప్పుడు పిల్ల పట్టికను వదిలి వర్గాల వైపు చూస్తుంది. సరిసంఖ్య వర్గాన్ని 4తో భాగిస్తే శేషం 0, బేసిసంఖ్య వర్గానికి శేషం 1, కాబట్టి రెండు వర్గాలు కలిపితే శేషం 0, 1, 2లలో ఒకటి కావాలి తప్ప 3 కానేరదు. నాలుగు వాక్యాల ఉపపత్తి. లక్షా మూడుకే కాదు, కోటాను కోట్ల సంఖ్యలకు ఒకేసారి సమాధానం. రెండో సగం, అంటే 1 శేషం ఇచ్చే ప్రతి ప్రధాన సంఖ్యనూ అలా రాయవచ్చన్నది, ఫెర్మా చెప్పగా ఆయిలర్ నిరూపించిన లోతైన ఫలితం. అది ఇప్పుడు ఆమెకు అందదు, అందనవసరమూ లేదు. ఒకే ప్రశ్నలో సగం తన చేతికి అంది, మిగతా సగం కొన్నేళ్ల దూరంలో ఉందని తెలియడం పిల్లను చదువు వెంట నడిపిస్తుంది.

ఇప్పుడు చదివే మనిషి గురించి. మీరే ఆ మనిషి కాగలిగితే అంతకంటే కావలసింది లేదు. కానీ ఆరు పీరియడ్లు, పరీక్షల పనులు, హాజరు యాప్‌లు, ఇవన్నీ ఉన్న మీకు వారానికి గంట కూడా దొరకకపోవచ్చు. పైగా ఒక ఏడాది తర్వాత ఆమె అడిగే ప్రశ్నలు మనకు వెంటనే తెలియకపోవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది, అక్కడికి దగ్గరలోనే ట్రిపుల్ ఐటీ ఉంది, విజయనగరంలో మహారాజా కళాశాల, జె.ఎన్.టి.యు. గురజాడ ఉన్నాయి. వీటిలో గణితాన్ని ఇష్టపడి చదువుతున్న విద్యార్థినో, అధ్యాపకురాలో ఒకరిని అడిగి ఒప్పించండి. అమ్మాయి పూర్తిచేసిన రాతను మీరు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే, వారు వారంలో ఒకసారి చదివి రెండు ప్రశ్నలు తిప్పి పంపితే చాలు. జవాబులు పంపకూడదని ముందే గట్టిగా చెప్పండి. నెలకు ఒకటి రెండుసార్లు వీడియో కాల్‌లో, అమ్మాయి తాను చేసింది బోర్డు దగ్గర నిలబడి వివరించాలి. ఈ సంభాషణ అంతా మీరు, ఆమె తల్లి లేదా తండ్రి ఉన్న గ్రూపులోనే జరగాలి, కాల్ బడిలో మీ ఎదుటే జరగాలి. ఆడపిల్ల విషయంలో ఇది మరీ అవసరం, తల్లిదండ్రులకు నమ్మకం కుదిరితేనే ఈ ఏర్పాటు నాలుగు నెలలు దాటి నిలుస్తుంది. ఫొటోకు ముందు ఆమె తన రాతను శుభ్రంగా తిరగరాయాలి, కొట్టివేతలున్న చిత్తు ప్రతిని కూడా దాచాలి. ఆలోచన ఎక్కడ దారి తప్పి ఎక్కడ తిరిగి వచ్చిందో చదివే మనిషికి ఆ చిత్తులోనే కనిపిస్తుంది.

వీడియో పాఠాల మీద నాకు ద్వేషం లేదు. ఖాన్ అకాడమీ వంటి చోట్ల విషయం శుభ్రంగా చెబుతారు, ఆమె పై తరగతుల బీజగణితం వాటి సాయంతో నేర్చుకోవచ్చు. ఒకే నియమం: సమస్య కనిపించగానే వీడియో ఆపాలి, తాను ప్రయత్నించాకే మళ్లీ నడపాలి. ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్ వెబ్‌సైటు వారి ఆల్కమస్ అనే లెక్కల సాధన ఉచితం, పిల్ల స్థాయిని బట్టి ప్రశ్నల కాఠిన్యం మారుతుంది, సాధనకు మంచిదే. పాయింట్లు, పతకాలు ఇచ్చే యాప్‌ల విషయంలో మాత్రం జాగ్రత్త, సులువైన లెక్కలు ఇరవై చేసి పతకం తెచ్చుకోవడం అలవాటైతే కష్టమైన లెక్క ఒకదానితో మూడు రోజులు కూర్చునే ఓపిక పోతుంది.

కృత్రిమ మేధ గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. 2024లో గూగుల్ డీప్‌మైండ్ వారి వ్యవస్థలు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ ప్రశ్నల్లో 42కు 28 మార్కులు, అంటే రజత పతకం స్థాయి, తెచ్చుకున్నాయి. 2025లో 35 మార్కులతో స్వర్ణం స్థాయికి చేరాయి. కాబట్టి ఏడో తరగతి పిల్ల అడిగే దాదాపు ఏ ప్రశ్నకైనా ఇవి జవాబు చెప్పగలవు, ప్రమాదం అక్కడే ఉంది. అడిగిన క్షణంలో జవాబు వస్తే, నేను పైన చెప్పిన వారం రోజుల వెతుకులాట మొత్తం పోతుంది. ఫోనులో ఉచితంగా దొరికే చాట్‌బాట్‌లు ఇంకోవైపు, లేని మెట్టును ఉన్నట్టు చూపుతూ తప్పు ఉపపత్తిని కూడా ఎంతో ధీమాగా రాస్తాయి, తప్పు పట్టగలిగే అనుభవం ఈ వయసులో ఉండదు. అందువల్ల ఇప్పటికి అది మీ చేతిలోనే ఉండనివ్వండి. ప్రశ్నలు తయారు చేసుకోవడానికి, ఆమె ఉపపత్తిలో ఖాళీ ఎక్కడుందో మీకు అనుమానం వస్తే సరిచూసుకోవడానికి మీరు వాడండి. ఆమెకు ఒక్క పని మాత్రం ఇవ్వవచ్చు, అది ఎంతో ఇష్టంగా చేస్తారు పిల్లలు: చాట్‌బాట్ రాసిన ఒక ఉపపత్తిని అచ్చు తీసి ఇచ్చి, ఇందులో తప్పుందేమో వెతకమనండి. తొమ్మిదో తరగతికి వచ్చాక లీన్ అనే సాధనాన్ని పరిచయం చేయవచ్చు. అది ఉపపత్తిలోని ప్రతి మెట్టునూ సరిచూస్తుంది, మెట్టు సరిగా లేకపోతే ముందుకు పోనివ్వదు. సహజ సంఖ్యల మీద దానితో తయారుచేసిన ఒక ఆట బ్రౌజర్‌లోనే ఆడుకోవచ్చు. కూడికలో సంఖ్యల వరుస మార్చినా మొత్తం మారదని మనం ఊరికే ఒప్పుకునే సంగతిని గణితానుగమనంతో రుజువు చేయించే ఆట అది, ఆ వయసు పిల్లలకు అదొక కొత్త లోకం.

నెట్ గురించి ఒక మాట. మన తీరంలో కరెంటునూ సిగ్నల్‌నూ నమ్ముకుని చదువు పెట్టుకోలేం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో మీకు నేను చెప్పనక్కరలేదు. జియోజీబ్రా, స్ప్రెడ్‌షీట్ రెండూ నెట్ లేకుండా నడుస్తాయి. కొలిబ్రీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను బడిలోని ఒక పాత కంప్యూటర్‌లో వేసి, ఖాన్ అకాడమీ పాఠాలు, అభ్యాసాలు ఒకసారి నింపుకుంటే, తర్వాత నెట్ లేకుండానే చుట్టూ ఉన్న ట్యాబులకు అందుతాయి. మండల కేంద్రంలో నెట్ బాగున్న రోజు చూసుకుని ఆ పని పూర్తిచేసుకోండి. డబ్బు కట్టి కొనే కోర్సు ఇప్పుడు ఏదీ అక్కరలేదని నా స్పష్టమైన అభిప్రాయం. ఆ డబ్బుతో మంచి నోటుపుస్తకాలు, ఒక జామెట్రీ బాక్సు, ఇంగ్లీషులో రెండు మంచి సమస్యల పుస్తకాలు వస్తాయి. ఇంగ్లీషు మాట ఎందుకన్నానంటే, పై స్థాయి సమస్యలు తెలుగులో చాలా తక్కువ. మన పాఠ్యపుస్తకాలు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషుతో ద్విభాషలో ఉన్నాయి కాబట్టి రోజూ ఒక పేజీ రెండు వైపులా చదివిస్తే ఏడాదిలో గణితం మేరకు ఇంగ్లీషు అందుకుంటుంది. ఆలోచించడం, మొదటిసారి రాయడం మాత్రం తెలుగులోనే సాగనివ్వండి.

ఫౌండేషన్ హాస్టల్ విషయం. పన్నెండేళ్ల పిల్లను, అందులోనూ తనంతట తాను చదువుకుంటున్న పిల్లను, తెల్లవారు నుంచి రాత్రి వరకు బహుళైచ్ఛిక ప్రశ్నల మధ్య కూర్చోబెట్టడాన్ని నేను సమర్థించలేను. అక్కడ నాలుగు జవాబుల్లో ఒకదాన్ని నిమిషంలో ఎంచుకోవడం నేర్పుతారు. ఆ నేర్పు పదకొండో తరగతిలో అవసరమైనప్పుడు కొన్ని నెలల్లో వస్తుంది. ప్రశ్నను వారం పాటు మనసులో మోయగల శక్తి మాత్రం ఇప్పుడు పోగొట్టుకుంటే మళ్లీ రావడం కష్టం. తల్లిదండ్రులు ఇంటికి దూరమైనా మంచి వసతి కావాలనుకుంటే, తొమ్మిదో తరగతిలో ఖాళీలకు ఎనిమిది చదువుతుండగానే వెన్నెలవలస నవోదయ విద్యాలయ ప్రవేశ పరీక్ష ఉంటుంది, అది రాయించండి. పదో తరగతి తర్వాత ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీ దారి ఎలాగూ ఉంది. ఎనిమిదో తరగతిలో ఎన్.ఎం.ఎం.ఎస్. అనే ఉపకార వేతన పరీక్ష తప్పకుండా రాయించండి, ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండో తరగతి దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయ ధ్రువపత్రం ముందే తీయించి పెట్టుకోవాలి.

ఎనిమిదో తరగతికి వచ్చాక ఆమె ఐ.ఓ.క్యు.ఎం. అనే గణిత ఒలింపియాడ్ అర్హత పరీక్ష కూడా రాయవచ్చు. మూడు గంటల్లో ముప్పై ప్రశ్నలు, వంద మార్కులు, ప్రతి జవాబూ 00 నుంచి 99 లోపు ఒక సంఖ్య. ఎంపికలు ఇవ్వరు కాబట్టి ఊహించి గుర్తుపెట్టడం కుదరదు. దాన్ని దాటితే ప్రాంతీయ ఒలింపియాడ్‌లో మూడు గంటలకు ఆరు సమస్యలు, అక్కడ పూర్తి ఉపపత్తులు రాయాలి. ఆ తర్వాత జాతీయ స్థాయి, ఆపైన ముంబయిలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రం నడిపే శిక్షణ శిబిరం ఉంటాయి. పాత ప్రశ్నపత్రాలన్నీ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, పోటీ కోసం కాకపోయినా సమస్యల గనిగా అవి ఎంతో విలువైనవి. మొదటి ఏడాది ఎంపిక అవుతుందని ఆమెకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ ఆశ పెట్టకండి, ముప్పైలో ఆరేడు ప్రశ్నలు నిజంగా తేల్చి వచ్చినా అది గొప్ప ఆరంభం. ఇటీవలి సంవత్సరాల్లో ఈ పరీక్ష సెప్టెంబరు మొదట్లో జరుగుతోంది, నమోదు మాత్రం కొన్ని వారాల ముందే ముగుస్తుంది కాబట్టి జూన్‌లో బడి తెరిచిన రోజు నుంచే ప్రకటన కోసం చూస్తూ ఉండండి. పరీక్ష కేంద్రం ఏ ఊళ్లో పడితే ఆ ఊరికి పిల్లతోపాటు ఎవరు వెళ్లాలో, రైలు ఏదో కూడా ముందే ఆమె తల్లిదండ్రులతో మాట్లాడుకోండి.